మూడు సీసాల కుంట నీళ్ళు

మా ఊళ్ళో ఎవరిని కదిలించినా ఈ కథ ఒకే రకంగా చెబుతారు. మైసూరు మహారాజుల కాలంలో మన కుంట నీళ్ళు పరీక్షకని మూడు సీసాలు బెంగుళూరుకు వెళ్ళాయట. అక్కడి ఆఫీసులో ఎవరో నిద్రమత్తులో ఒక సీసా చీటీ తీసి ఇంకో సీసాకు అంటించారట. అందుకే ఎండాకాలం నీళ్ళు అమృతమనీ, చలికాలం నీళ్ళు విషమనీ రిపోర్టు వచ్చిందట. చెప్పేవాళ్ళు నవ్వుతారు, వినేవాళ్ళు నవ్వుతారు, బెంగుళూరు కంటే మా ఊరు ఒక మెట్టు పైన కూర్చుంటుంది.

ఇది అబద్ధం. ఆ చీటీలు రాసింది నేను. అన్నం మెతుకులు మెత్తగా నలిపి అంటించిందీ నేనే. వాటిని ఊడదీయాలంటే సీసా పగలగొట్టాల్సిందే. బెంగుళూరువాళ్ళు తమకు వచ్చిన నీళ్ళను చక్కగానే పరీక్ష చేశారు. వాళ్ళకు వెళ్ళిన నీళ్ళే మేం తాగే కుంట నీళ్ళు కావు. ఈ మాట పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, బస్సుల్లో చెప్పాను. "నువ్వు కాలేజీ చదివినదానివిలే, నీకు ఊరంటే అలుసు" అని నోరు మూయించాలని చూస్తారు. నా నోరు మూయించినవాళ్ళు ఇంతవరకూ ఎక్కువమంది లేరు కాబట్టి, ఇప్పుడు కాగితం మీద చెబుతున్నాను.

మా ఊరు పావగడకు ఎద్దులబండిలో ఒక పూట దూరం. ఊళ్ళో బావులున్నాయి కానీ అన్నీ ఉప్పు నీళ్ళు. స్నానానికీ గుడ్డలకూ అవే. తాగడానికీ వంటకూ మాత్రం ఊరి బయట కుంట. దానికి ఒక పక్క రాతి మెట్లు, మిగతా మూడు పక్కలా గట్టు. ఆడవాళ్ళు మెట్లు దిగి, మోకాళ్ళ దాకా నీళ్ళలోకి నడిచి, కడవ ముంచుకుని వచ్చేవాళ్ళు. కుంటకు అవతలి పక్క గొర్రెలు దిగేవి. ఎవరి రేవు వాళ్ళది. నీళ్ళకు మాత్రం ఆ సంగతి తెలియదు.

ఆ కుంట ఏడాదికి నాలుగు రంగులు మార్చేది. తొలకరికి ఎర్రగా, గొర్రెల పెంటికలతో సహా వచ్చేది. కార్తీకానికి తేరుకునేది. చలికాలమంతా అడుగున రాయి కనబడేంత తేటగా ఉండేది. శివరాత్రి దాటగానే పచ్చ పాచి కట్టేది. ఉగాది తర్వాత మోకాలి లోతుకు కుంచించుకుపోయి, కషాయం రంగుకు దిగేది. నీళ్ళు ఏ స్థితిలో ఉన్నాయో చెప్పడానికి మా అవ్వ, అంటే మా నాయన తల్లి, కందిబేడలు పొయ్యి మీద పెట్టేది. కార్తీకంలో ఒక పొంగుకే బేడలు ఉడికిపోయేవి. శివరాత్రికి రెండు పొంగులు. ఎండాకాలం వచ్చిందంటే కట్టెలు బూడిదయ్యేవి కానీ బేడ బేడలాగే ఉండేది. తర్వాత కాలేజీలో, గాజు గొట్టాలూ మందులూ పెట్టుకుని, నీటి కఠినత్వం కొలవడమని నాకు నేర్పింది కూడా ఇంచుమించు ఇదే. మా అవ్వ కొలత అయిపోయాక పప్పు మిగిలేది, అదొక్కటే తేడా.

ఇంతా తెలిసిన అవ్వకు తెలియనిది ఒకటుంది. ఎండాకాలంలో ఊరు ఊరంతా ఎందుకు కుంటుతుందో ఆమెకు తెలియదు.

నారికురుపు చూడనివాళ్ళకు చెప్పాలి. కాలి మీద మొదట పొక్కు లేస్తుంది, మంట పుడుతుంది, పొక్కు పగిలి అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు, అదే నారు, తల బయట పెడుతుంది. దాన్ని లాగితే తెగుతుంది, తెగితే కాలు వాచి మంచం ఎక్కాల్సిందే. అందుకని పుల్లకు చుట్టి, రోజుకు ఒక అంగుళం చొప్పున, పట్టుపురుగు దారం తీసినంత ఓపికగా తీయాలి. నాకు పదకొండేళ్ళు వచ్చేనాటికి మా అమ్మకు వరుసగా మూడు ఎండాకాలాలు అది వచ్చింది. అంత మంటలోనూ నీళ్ళు మోసేది ఆమే. కుంటలోకి దిగి, కాలు చల్లబడేదాకా నీళ్ళలోనే కాసేపు నిలబడి, తర్వాత కడవ ముంచేది. "ఈ కుంటే నాకు మందు" అనేది.

హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చింది అమ్మకు మూడోసారి కాలు పగిలిన ఆ ఎండాకాలంలోనే. సైకిలు మీద, తలకు టోపీ, వెనక కట్టెపెట్టె. తుమకూరు పక్కవాడు, తెలుగు మాట్లాడితే అందులో సగం కన్నడం. మా తాత ఊరి పటేలు కాబట్టి మా అరుగు మీదే దిగాడు. అమ్మ కాలు చూసి తల ఊపాడు.

"ఇది కుంట నీళ్ళతో వస్తాదమ్మా. మెట్లు దిగే పని లేకుండా చేదబావి కావాల మీకు. ఆ గట్టు కింద తవ్వితే తియ్య నీళ్ళు పడతాయి. కానీ ఊరికే అడిగితే సర్కారు ఇయ్యదు. కుంట నీళ్ళు చెడ్డవని బెంగుళూరు నుంచి కాగితం రావాల."

పెట్టెలోంచి మూడు గాజు సీసాలు తీశాడు. ఎండాకాలానికి ఒకటి, తొలకరికి ఒకటి, చలికాలానికి ఒకటి. "మూడిట్లో ఒక్కటి చెడ్డదని వచ్చినా చాలు, తాలూకా అమల్దారుగారికి నేను రాస్తాను" అన్నాడు. సీసాను అవే నీళ్ళతో మూడుసార్లు కడగాలనీ, మోచేతి లోతున ముంచాలనీ, నీళ్ళు ఎలా ఉంటే అలాగే పట్టాలనీ నాకు చూపించాడు. మా నాయన పావగడలోనే ఉండి బడిపంతులుగా పనిచేసేవాడు, ఆయన నేర్పడం వల్ల ఇంట్లో కన్నడం రాయగలిగింది పదకొండేళ్ళ నేనొక్కదాన్నే. ఆ బాధ్యత నాకిచ్చాడు. ఊళ్ళో ఇన్‌స్పెక్టరు తర్వాత ఇన్‌స్పెక్టరు నేనే అన్నంత పొగరు వచ్చింది నాకు.

అమ్మ ఆ సాయంత్రం పుల్లకు నారు చుట్టుకుంటూ, "చేదబావంటే గట్టు మీద నిలబడే తోడుకోవచ్చు గదా, పాపా?" అని అడిగింది. అవునన్నాను. "కాలు తడవదు గదా?" అని ఇంకోసారి అడిగింది.

మొదటి సీసా మర్నాడు పొద్దున పట్టుకొచ్చాను. కషాయం రంగు నీళ్ళు, పైన పాచి తునక, అడుగున ఏవో నలుసులు. అంతకంటే చెడ్డ నీళ్ళు దొరకవు. సగర్వంగా వంటింట్లో పెట్టాను. అవ్వ చూసింది.

"ఏందే ఇది?"

"బెంగుళూరుకు పొయ్యే నీళ్ళు."

"థూ! దీన్నా పంపేది? మన ఊరి పేరు రాసినావా దీని మింద?"

"రాసినా. పటేలుగారి ఊరని కూడా రాసినా."

"అయ్యో నా రాత! మహారాజు సర్కారుకు ఈ కడుగునీళ్ళు పంపి, ఈ ఊరోళ్ళు ఇట్లాంటోళ్ళని చెప్పుకోవల్లా?"

"ఎట్లుండాయో అట్లే పంపమన్నాడవ్వా ఆయన."

"పెండ్లిచూపులకు పిల్లను ఎట్లుండాదో అట్లే కూర్చోబెడతారంటే? మొగం కడగరా? బొట్టు పెట్టరా?"

అవ్వ ఆ నీళ్ళు చెంబులో పోసింది. నీళ్ళు తేర్చే చిల్లగింజను రాతి మీద అరగదీసి ఆ గంధం అందులో కలిపింది. మధ్యాహ్నానికి బురదంతా అడుగుకు చేరింది. పైనున్న తేటను కొత్త పంచె చింపిన ముక్కను ఐదు మడతలు వేసి వడగట్టింది. సీసాకు సాంబ్రాణి పొగ పట్టింది. ఒక తులసాకు కూడా వేయబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. మా ఊరి పరీక్షలో నేను చేసిన న్యాయం ఆ తులసాకు మేరకే.

తలారి ఆ సీసాను గోనెపట్టాలో చుట్టి పావగడకు తీసుకుపోయాడు. నెల దాటాక జవాబు వచ్చింది: తాగడానికి బాగా పనికి వస్తుంది. అవ్వ వీధిలో అందరికీ బెల్లంముక్క పంచింది. "మన కుంట పాసయ్యింది!" బెల్లం చప్పరిస్తూ ఊరంతా కుంటుకుంటూ ఇళ్ళకు పోయారు. అమ్మ తన ముక్కను నా నోట్లో పెట్టి, కడవ ఎత్తుకుంది.

రెండో సీసాను అవ్వకు దొరకనివ్వకూడదని తీర్మానించుకున్నాను. తొలకరి పడిన రోజే, వాన వెలవగానే, నేరుగా గొర్రెల రేవుకు పోయాను. నీళ్ళు ఇటుక పొడి కలిపినట్టున్నాయి. పెంటికలు తేలుతున్నాయి. వంగి సీసా ముంచబోతుంటే వెనక దగ్గు వినిపించింది. గొర్రెల మంద మామ. ఊళ్ళో అందరికంటే పెద్ద మంద ఆయనది, పైగా మాటకారి.

"ఏం పాపమ్మా, ఈడేం చేస్తాండావు?"

"సీసాకు నీళ్ళు పడతాండా మామా. బెంగుళూరుకు పోతాది."

"గొర్రెలు దిగిన నీళ్ళా?"

"ఊరంతా ఇవే గదా తాగేది?"

"తాగేది వేరే, పంపేది వేరే. గొర్రెలు కుంటలో దిగగూడదని రేపు సర్కారోళ్ళు వస్తే, నా మందను నువ్వు సాకుతావా?"

"ఉన్నది ఉన్నట్లు పట్టమన్నాడు ఆయప్ప."

"పట్టు, ఎవరొద్దన్యారు? నేనొకటి అడుగుతా, చెప్పు. ఈ నీళ్ళు యాడియి?"

"ఆకాశానివి."

"ఆకాశం నుంచి యాడ పడినాయి?"

"ఆ రాతిగుండు మింద."

"గుండు మింద నుంచి వంకలోకి, వంకలోంచి ఈడికి. అంటే అవీ ఇవీ ఒకటే నీళ్ళు గదా? ఆడ పట్టినా ఈడ పట్టినా ఏమి తేడా? చదువుకునేదానివి, నువ్వే చెప్పు."

పదకొండేళ్ళ వయసులో, వాదనలో ఎవరికీ ఓడని నేను, ఆ రోజు గొర్రెల రేవులో ఓడిపోయాను. చదువుకునేదానివి అన్న మాటకే సగం పడిపోయాను. ఆయన వెంట గుండు దాకా పోయాను. నల్లరాతి మీద నుంచి జారుతున్న వాన నీళ్ళను, అద్దంలాంటి వాటిని, సీసా నిండా పట్టాను. మూడుసార్లు కడిగాను కూడా. చీటీ మీద "కుంట నీరు, తొలకరి" అని ముద్దుగా రాశాను. అవ్వ చేసింది పరువు కోసం, మామ చేసింది మంద కోసం. నేను చేసింది మాత్రం తెలివి ఎక్కువై.

రెండో జవాబు: మొదటిదానికంటే బాగున్నాయి. ఈసారి అవ్వ బెల్లం పంచలేదు. జవాబు కాగితాన్ని చేతిలోకి తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకెన్ని సీసాలుండాయి?" అని మాత్రం అడిగింది.

ఒకటే ఉంది. అది చలికాలానిది. ఈసారి ఎవరి మాటా వినకుండా మెట్ల దగ్గరికే పోయి, మోచేతి లోతున ముంచాను. సీసాను ఎండకెత్తి చూశాను. చలికాలంలో మా కుంట నిజంగానే తేటగా ఉంటుంది. కళ్ళముందు పెట్టుకుంటే సీసాకు అవతల ఉన్న కొండ కనబడుతోంది. చెడ్డగా ఉన్నప్పుడు అబద్ధం పంపాం. ఇప్పుడు నిజం పంపితే చేదబావి పోతుంది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పి ఏడ్చాను. ఆమె రాగిసంగటి కెలుకుతోంది.

"బాగుంటే బాగుండాయనే రాయి, పాపా. నా కాలు కోసరం నువ్వు తప్పు రాయొద్దు."

"మరి బావి?"

"వచ్చినప్పుడు వస్తాది. వచ్చే ఎండాకాలం నాటికి నారు రాకపోతే అదే చాలు."

అవ్వ పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. ఎప్పుడూ అందరి మాటల్లోకీ దూరే మనిషి, ఆ పూట రాళ్ళతోనే మాట్లాడుకున్నట్టుంది. నేను సీసాకు బిరడా పెట్టి, గుడ్డ కట్టి, చీటీ అంటించి, గోనెపట్టాలో చుట్టి, అవ్వ చేత తాళం తీయించి ధాన్యం గదిలో గూట్లో పెట్టాను. మర్నాడు తెల్లారగానే తలారి వచ్చి తీసుకున్నాడు. ఆ గోనెపట్టా ఒక పక్క తడిగా ఉందని నాకు గుర్తు. మంచు కురిసిందేమో అనుకున్నాను. గదిలో మంచెలా కురుస్తుందని అనుకోలేదు.

మూడో జవాబును తలారి తేలేదు. ఎండాకాలం నడిమధ్య ఇన్‌స్పెక్టరే తెచ్చాడు. అప్పటికి అమ్మకు నాలుగోసారి కాలు పగిలింది. ఆయన అరుగు మీద కూర్చుని మూడు కాగితాలూ పక్కపక్కనే పరిచాడు. ఊరంతా గుమిగూడింది.

"పటేలరే, మీ కుంట కత నాకేమీ తిళియలేదు. ఎండాకాలం నీళ్ళు మంచివి. తొలకరి నీళ్ళు ఇంకా మంచివి. చలికాలం నీళ్ళు పేడ కలిసి ఉండాయి, పనికి రావు. దేశంలో కుంటలన్నీ ఎండాకాలం చెడతాయి, చలికాలం బాగవుతాయి. మీ కుంట మాత్రం వెనక్కి నడుస్తా ఉండాది!"

గొర్రెల మామ తువ్వాలు సర్దుకున్నాడు. నేను నా బొటనవేలును చాలా శ్రద్ధగా చూసుకున్నాను. మా తాత గొంతు సవరించుకుని, "బెంగుళూరులో చీటీలు తారుమారు చేసినారేమో సామీ" అన్నాడు. నేటికీ ఊరు చెప్పుకునే కథ పుట్టింది అక్కడ, ఆ క్షణాన. ఇన్‌స్పెక్టరు మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు. పేడ అన్నప్పుడు ఎవరు ఉలిక్కిపడ్డారో చూశాడో లేదో నాకు తెలియదు. "ఉండొచ్చు, ఉండొచ్చు" అన్నాడు మర్యాదగా.

తర్వాత తాగడానికి నీళ్ళు అడిగాడు. అవ్వ పరుగున వెళ్ళి వడగట్టిన తేట నీళ్ళు వెండి లోటాలో తెచ్చింది.

"ఇవి కాదు అజ్జీ. మీరు తాగేవి ఇయ్యండి."

అమ్మే కుంటుకుంటూ లోపలికి పోయి, రోజూ మేం తాగే కడవలోంచి గ్లాసు నింపి తెచ్చింది. ఇన్‌స్పెక్టరు దాన్ని ఎండకెత్తి నన్ను పిలిచి చూడమన్నాడు. తెల్లటి చుక్కలు, ఆవగింజలో పదోవంతు ఉంటాయేమో, ఎగిరెగిరి పడుతున్నాయి. నారు వాటి కడుపులో ఉంటుందని, ఆ చుక్కను మింగినవాళ్ళకు ఏడాది తిరిగేసరికి కాలు పగులుతుందని చెప్పాడు. పగిలిన కాలు నీళ్ళలో పెడితే పిల్లపురుగులు మళ్ళీ కుంటలోకి దిగుతాయట. అమ్మ తన కాలు వైపు చూసుకుంది. తనకు మందని ఆమె నిలబడిన నీళ్ళను ఊరంతా తాగిందన్నమాట. ఆమె ఒక్కతే కాదు, ఊళ్ళో కాళ్ళన్నీ అక్కడే చల్లబడ్డాయి.

"దీనికేం చెయ్యల్ల నాయనా?" అంది అవ్వ.

"బావి వచ్చేదాకా బట్ట మడత పెట్టి వడగట్టి తాగండి అజ్జీ. అంతే, ఇంకేమీ వద్దు."

నా నోరు ఊరుకుంటుందా? "అవ్వా, సర్కారుకైతే ఐదు మడతలు వేస్తివే, ఇంట్లో కోడలికి ఒక మడతన్నా వెయ్యకపోతివే" అన్నాను. నెత్తిన మొట్టికాయ పడింది. అప్పుడు ఇన్‌స్పెక్టరుకు మొదటి సీసా సంగతి అర్థమైంది. టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. భుజాలు ఊగడం మాత్రం దాచలేకపోయాడు.

ఆ రోజు నాలుగో సీసా ఆయనే స్వయంగా పట్టాడు. లక్క వేసి ముద్ర కొట్టి, సైకిలుకు కట్టుకున్నాడు. అవ్వ గుమ్మం దాకా వచ్చింది కానీ సాంబ్రాణి మాట ఎత్తలేదు. అన్ని కాగితాలూ కలిపి ఆయన ఏం రాశాడో, అమల్దారు ఏం చదివాడో నాకు తెలియదు. మరుసటి ఏడు గట్టు కింద చేదబావి తవ్వారు. చుట్టూ గోడ, పైన గిలక. మొదటి చేద తోడమని ఆడవాళ్ళంతా అమ్మను ముందుకు నెట్టారు. తోడింది. నీళ్ళు చూడలేదు, తన కాళ్ళు చూసుకుంది. పొడిగా ఉన్నాయి. బావి వచ్చాక ఇంకొక్క ఎండాకాలమే ఆమెకు నారు వచ్చింది, తర్వాత రాలేదు.

మూడో సీసాలో పేడ కలిపింది అమ్మేనని చాలా ఏళ్ళు నేను అనుకున్నాను. ఇంకెవరికి అవసరం? కాలేజీ చదువుకునే రోజుల్లో సెలవులకొచ్చి, వకీలు లాగా నిలదీశాను. "నేను గాదు" అంది. పెళ్ళయ్యాక అడిగాను. "గాదంటే నమ్మవేంది?" అంది. ఇప్పుడు ఆమెకు డెబ్భై దాటాయి, మొన్న కూడా అడిగాను.

"నీకు తప్పు రాయొద్దని చెప్పినదాన్ని, నేనెందుకు కలుపుతానే? ధాన్యం గది తాళం నాకెప్పుడన్నా ఇచ్చినారా మీ ఇంట్లో?"

నిజమే. ఆ తాళంచెవి ఒకరి నడుముకే ఉండేది. సీసాకు పొగ పట్టి, పరువు వడగట్టి పంపిన మనిషి ఆమె. ఊరి పేరు రాసిన సీసాలో తన చేత్తో పేడ కలిపి, ఆ మాట ఎవరికీ చెప్పకుండా, చివరిదాకా కోడలి వంటకు వంకలు పెడుతూనే కాలం చేసింది. అలా అనుకోవాలంటే నాకు మనసొప్పదు, అనుకోకుండా ఉండాలన్నా ఒప్పదు. అవ్వ పోయింది. గొర్రెల మామ పోయాడు. ఆ కాలం మనుషుల్లో మా అమ్మా నేనూ మిగిలాం. అమ్మేమో కాదంటోంది.

మరి, ఎవరు కలిపినట్టు?